గెలుస్తున్నవాడు ఓడిపోయిన ఆట

(తెలుగు తరగతి విద్యార్థులకు చేసిన ప్రసంగం)

 

ఈ వారం పద్యమూ లేదు, వ్యాకరణమూ లేదు. ఆ మాట వినగానే కొన్ని ముఖాలు విప్పారడం నాకు కనిపిస్తూనే ఉన్నది. ఇవాళ చదరంగం గురించి చెబుతాను. చదరంగమంతా చెప్పాలంటే ఒక జీవితం చాలదు కనుక, ఒకే ఒక్క ఆట గురించి చెబుతాను. అది 1963 డిసెంబరులో ఈ దేశంలోనే, న్యూయార్క్ నగరంలో జరిగింది. ఇరవై ఒక్క ఎత్తుల్లో ముగిసిపోయింది. ముగిసే సమయానికి బల్లమీద ఎక్కువ బలం ఎవరికి ఉన్నదో, ఆయనే ఓటమిని ఒప్పుకున్నాడు.

ఈ ఆటనే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి. అందులో నా తప్పు ఒకటి ఉన్నది.

కిందటి సంవత్సరం మన తరగతిలో విరామ సమయాన ఇద్దరు పిల్లలు చదరంగం ఆడుకుంటున్నారు. నేను టీ తాగుతూ పక్కనే నిలబడి చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆ అమ్మాయి తన రాజును బల్లమీద పడుకోబెట్టి, "నేను ఓడిపోయాను" అన్నది. చూస్తే ఆమె పావులే ఎక్కువగా ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. "ఆట మధ్యలో వదిలేసి లేవడమేమిటి? చివరిదాకా పోరాడాలి గదా!" అని పదిమందిలో గట్టిగానే మందలించాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. పావులు డబ్బాలో సర్దేసి వెళ్ళి తన చోట కూర్చున్నది.

మరుసటి వారం ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. దానిమీద పెన్సిలుతో నాలుగు చదరంగపు బల్లలు గీసి ఉన్నాయి. తాను ఏ ఎత్తు వేసినా నాలుగో ఎత్తుకు తన రాజు ఎలా చిక్కిపోతుందో అందులో ఉన్నది. "మాస్టారూ, నేను వదిలేయలేదండీ. అప్పటికే అయిపోయింది" అన్నది. ఆ కాగితాన్ని ఇంటికి తీసుకుపోయి బల్లమీద పావులు పేర్చి చూశాను. ఆ పిల్ల చెప్పింది నిజమే. ఆమెతో విడిగా తప్పు ఒప్పుకున్నాను. కాని మందలించింది పదిమందిలో గనుక, ఆ బాకీ ఇంకా అలాగే ఉండిపోయింది. అది తీర్చుకోవడానికే ఈ ఆట కథ.

ముందు పావుల పేర్లు ఒకసారి అనుకుందాం. మీరు బడిలో ఇంగ్లీషు పేర్లతో ఆడతారు. మా తాతగారు అరుగుమీద కూర్చుని తెలుగు పేర్లతో ఆడేవారు. ఆయన ఆటలో బంటు మొదటి ఎత్తుకు కూడా ఒక్క గడే నడిచేది, మీ ఆటలో రెండు గళ్ళు నడవవచ్చు. అంతే తేడా అనుకోకండి, ఇంకా ఉన్నాయి, కాని ఇప్పుడు వాటి జోలికి పోవద్దు. మీరు రూక్ అనేది మన ఏనుగు. నైట్ అంటే గుర్రం. బిషప్‌ను శకటం అంటాం, కొన్ని ఇళ్ళలో ఒంటె అంటారు. పాన్ అంటే బంటు. ఇక క్వీన్ సంగతి. పడమటి దేశాలవారికి రాజు పక్కన నిలబడేది రాణి, మనకు మంత్రి. రాజు పక్కన ఎవరుండాలన్న విషయంలో వాళ్ళకూ మనకూ అభిప్రాయభేదం ఉన్నదన్నమాట. నా మట్టుకు నాకు మంత్రే సరి అనిపిస్తుంది. అయినా ఆ పావు శక్తి మాత్రం రెండుచోట్లా ఒకటే.

తెల్లపావులవారు మొదటి ఎత్తుగా మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు జరిపితే, ఆ ఆరంభాన్ని మంత్రి బంటు ఆట అంటారు. రాజు ముందున్న బంటును జరిపితే ఆట చాలాసార్లు వెంటనే వేడెక్కుతుంది. మంత్రి బంటుతో మొదలైన ఆట సాధారణంగా మెల్లగా నడుస్తుంది. ఇద్దరూ తమ ఇల్లు చక్కబెట్టుకుని, తలుపులు వేసుకుని, కిటికీలోంచి తొంగిచూసినట్టుగా ఉంటుంది. అందుకే ఇటువంటి ఆటలో ఇరవై ఒక్క ఎత్తులకే ఒకరు కూలిపోవడం చూసినవారికి నమ్మశక్యం కాలేదు.

ఇప్పుడు ఆడినవారి గురించి చెబుతాను.

నల్లపావులతో ఆడినవాడు బాబీ ఫిషర్. 1943లో చికాగోలో పుట్టి, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పెరిగాడు. ఆరేళ్ళ వయసులో తన అక్కతో కలిసి, దుకాణంలో కొన్న చదరంగపు పెట్టె ముందు కూర్చుని ఆట నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్ళకు అమెరికా విజేత అయ్యాడు. 1958లో, పదిహేనేళ్ళకు, గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. మనం చెప్పుకుంటున్న ఆట నాటికి అతనికి ఇరవై ఏళ్ళు.

తెల్లపావులతో ఆడినవారు రాబర్ట్ బైర్న్. వయసు ముప్ఫై అయిదు. తత్త్వశాస్త్రం బోధించిన అధ్యాపకుడు. ఆయన తమ్ముడు డోనాల్డ్ బైర్న్ కూడా గట్టి ఆటగాడే. 1956లో న్యూయార్క్‌లోని మార్షల్ చెస్ క్లబ్బులో, పదమూడేళ్ళ ఫిషర్ ఆ తమ్ముణ్ణి తన మంత్రినే బలి ఇచ్చి ఓడించాడు. ఆ ఆటకు హాన్స్ క్మోఖ్ అనే పత్రికారచయిత 'శతాబ్దపు ఆట' అని పేరు పెట్టాడు. ఆ పేరు ఈనాటికీ నిలిచి ఉన్నది. ఏడేళ్ళ తరువాత అదే నగరంలో అన్నగారి వంతు వచ్చింది. తమ్ముడికి జరిగింది అన్నకు తెలియక కాదు. తెలిసి, జాగ్రత్తగానే కూర్చున్నారు.

సందర్భం అమెరికా జాతీయ పోటీ. పన్నెండుమంది ఆటగాళ్ళు. ప్రతివారూ మిగిలిన పదకొండుగురితో ఒక్కొక్క ఆట ఆడాలి. ఫిషర్ పదకొండు ఆటలూ గెలిచాడు. ఒక్కటి ఓడలేదు సరే, ఒక్కటి సమం కూడా కాలేదు. రెండో స్థానంలో నిలిచిన లారీ ఇవాన్స్‌కు వచ్చినవి ఏడున్నర పాయింట్లు. ఆ పదకొండింటిలో మూడోది మన ఆట.

ఎదురుగా బల్లమీద పావులు పేర్చి ఉన్నాయి. నేను చెబుతుంటే ఇద్దరు వచ్చి జరపండి. నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ వరకు అక్షరాలు, అడ్డవరుసలకు 1 నుంచి 8 వరకు అంకెలు ఉన్నాయి గదా. ఇంగ్లీషు అక్షరాలని భయపడకండి, ఈ ఒక్క పూటకు వాటికి మన తరగతిలో ప్రవేశం ఉన్నది.

బైర్న్ మంత్రి బంటును డి4కు జరిపారు. ఫిషర్ గుర్రాన్ని బయటికి తెచ్చాడు. మొదటి పదకొండు ఎత్తుల వరకు పెద్దగా చెప్పవలసింది లేదు. మధ్యలో ఇద్దరూ ఒక్కొక్క బంటును మార్చుకున్నారు. ఇద్దరూ తమ రాజును ఏనుగు చాటున మూలకు చేర్చుకున్నారు. ఇద్దరూ రాజు పక్కనే ఒక శకటాన్ని కాపలా పెట్టుకున్నారు. అద్దంలో చూసుకున్నట్టుగా రెండు సైన్యాలూ ఒకేలా ఉన్నాయి. ఇక్కడ చూస్తున్నవారెవరైనా సమంగా ముగిసే ఆట అనుకుంటారు. ఫిషర్ రెండో శకటం మాత్రం ఎ6 గడిలో నిలబడి, ఐమూలగా బల్ల అవతలి కొస దాకా చూస్తున్నది. దాన్ని గుర్తుపెట్టుకోండి.

పన్నెండో ఎత్తుకు ఫిషర్ తన రాజు బంటును ఇ5కు తోశాడు. బైర్న్ దాన్ని చంపారు. ఫిషర్ గుర్రంతో తిరిగి చంపాడు. దానివల్ల నల్లవారి డి5 బంటు ఒంటరిదైపోయింది. ఇటూ అటూ తోడు బంటు లేదు. ఒంటరి బంటు బలహీనత అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఫిషర్‌కు అది తెలియదా? తెలుసు. దానికి బదులుగా తన పావులకు విశాలమైన దారులు వస్తాయని లెక్క వేసుకున్నాడు.

ఇప్పుడు పద్నాలుగో ఎత్తు. ఆట అంతా దీనిమీదనే తిరిగింది కనుక కాస్త నిదానంగా చూద్దాం.

బైర్న్ ఆ ఒంటరి బంటుమీద ఒత్తిడి తేవాలనుకున్నారు. అందుకు ఒక ఏనుగును డి1 గడికి తీసుకురావాలి. ఆయనకు ఏనుగులు రెండు. ఒకటి ఎ1 మూలలో ఊరికే నిలబడి ఉన్నది. రెండోది ఎఫ్1లో, రాజు పక్కన ఉన్నది. దేన్ని జరపాలి? మీరైతే దేన్ని జరుపుతారు?

బైర్న్ రాజు పక్కనున్న ఏనుగును జరిపారు. అది తెలివితక్కువ ఎత్తు కాదు సుమా! ఎ6లోని నల్ల శకటం ఐమూలగా చూస్తున్నదన్నానే, ఆ చూపు చివర ఉన్నది సరిగ్గా ఈ ఏనుగే. మధ్యలో తెల్లగుర్రం ఒకటి అడ్డుగా ఉన్నది. ఆ గుర్రం కదిలితే ఏనుగు పోతుంది. కాబట్టి ఏనుగును ఆ చూపులోంచి తప్పించి, పనిలో పనిగా ఒంటరి బంటుకు ఎదురు నిలబెట్టారు. ఒక ఎత్తుతో రెండు పనులు జరుగుతున్నప్పుడు ఎవరు మాత్రం కాదనగలరు? కాని ఆ ఏనుగు మూడో పని కూడా చేస్తున్నది. రాజు ముందున్న ఎఫ్2 బంటును కాపాడుతున్నది. అది వెళ్ళిపోయాక ఆ బంటుకు రాజు ఒక్కడే దిక్కు. మూలనున్న ఏనుగును జరపవలసిందని ఫిషర్ తరువాత తన పుస్తకంలో రాశాడు. పేరుకు రెండూ ఏనుగులే. ఒకదానికి బదులు మరొకటి కదిలిందంతే.

ఫిషర్ గుర్రం వెంటనే డి3లో దిగింది, తెల్లవారి నట్టింట్లో! బైర్న్ మంత్రి దానిమీదికి లేచింది. అది పారిపోక తప్పదని అందరూ అనుకుంటుండగా, ఆ గుర్రం వెళ్ళి ఎఫ్2 బంటును చంపింది. గుర్రమంటే మూడు బంట్ల విలువ. దాన్ని ఒక్క బంటుకోసం ఇచ్చేశాడు. రాజు స్వయంగా బయటికి వచ్చి గుర్రాన్ని చంపవలసి వచ్చింది. మరుక్షణమే రెండో గుర్రం జి4లోకి దూకి చెక్ చెప్పింది. రాజు మళ్ళీ జి1కి వెనక్కి వెళ్ళాడు. గుర్రం ఇ3 బంటును చంపి అక్కడ కూర్చున్నది. ఎక్కడ కూర్చున్నదో చూడండి. అక్కడినుంచి అది ఒకేసారి మంత్రినీ, ఏనుగునూ, రాజు పక్కనున్న శకటాన్నీ బెదిరిస్తున్నది. బైర్న్ మంత్రిని డి2కు తప్పించారు.

ఇక్కడ ఆగండి. ఇప్పుడు ఫిషర్ ఏం చేయాలి? గుర్రం ముందు రెండు పళ్ళేలు ఉన్నాయి. ఒకదానిలో అయిదు బంట్ల విలువైన ఏనుగు. ఇంకొకదానిలో మూడు బంట్ల విలువైన శకటం. రెండూ తినడానికి వీలు లేదు, ఒకటే తినాలి.

బైర్న్ అప్పుడు తాను ఏమనుకున్నదీ తరువాత రాశారు. ఫిషర్ ఏనుగును చంపుతాడనుకున్నారట. చంపితే పావుల లెక్క ఇంచుమించు సరిపోతుంది, కాని నల్లవారి దాడి అక్కడితో చల్లారిపోతుంది. ఆపైన ఆ ఒంటరి డి5 బంటు తెల్లవారికి చిక్కుతుంది. ఓడిపోయే ఈ దారిని ఫిషర్ ఎందుకు పట్టాడా అని ఆయన కూర్చుని ఆశ్చర్యపోతున్నారు. అంతలో ఫిషర్ చెయ్యి కదిలింది. ఏనుగును వదిలేసి, శకటాన్ని చంపాడు.

అయిదు రూపాయల నోటును వదిలి మూడు రూపాయలు తీసుకున్నవాణ్ణి మనం ఏమంటాం? కాని ఆ శకటం పని ఏమిటో చూడండి. చదరంగంలో ప్రతి శకటమూ ఒకే రంగు గళ్ళమీద పుట్టి, ఆ రంగు గళ్ళమీదే తిరుగుతుంది. తెల్లరాజు చుట్టూ ఉన్న లేతరంగు గళ్ళకు కాపలాదారు ఆ ఒక్క శకటమే. బైర్న్‌కు మిగిలిన రెండో శకటం ముదురు గళ్ళది, పైగా దూరంగా ఎ3లో ఉన్నది. అది ఎంత కష్టపడినా ఒక్క లేతగడిలో అడుగు పెట్టలేదు. ఇటు ఫిషర్‌కో, లేతగళ్ళ శకటం ఎ6లో సిద్ధంగా ఉన్నది. ఊళ్ళో దొంగలు పడబోయేముందు కావలివాణ్ణి తప్పించినట్టయింది. డబ్బున్న పెట్టెను అప్పటికి ముట్టుకోలేదు.

రాజు ఆ గుర్రాన్ని చంపాడు. లెక్క చూద్దాం. ఫిషర్‌కు ఒక పావు తక్కువ, రెండు బంట్లు ఎక్కువ. అంతటితో ఊరుకున్నాడా? ఆ ఒంటరి బంటును, ప్రతి పుస్తకమూ బలహీనత అని చెప్పే ఆ బంటును, డి4కు తోసి ఉచితంగా ఇచ్చేశాడు. ఎందుకు? ఆ బంటు డి5లో నిలబడి తన శకటం దారికే అడ్డుగా ఉన్నది. బి7 నుంచి తెల్లరాజున్న జి2 వరకు ఐమూలగా ఒక పొడవైన బాట ఉన్నది. బంటు తప్పుకోగానే ఆ బాట తెరుచుకున్నది. బైర్న్ గుర్రంతో బంటును చంపారు. ఫిషర్ శకటం ఎ6 నుంచి బి7కు ఒక్క గడి వెనక్కి జరిగి చెక్ చెప్పింది. దాడి చేసేవాడు వెనక్కి జరగడం కూడా ఉంటుందన్నమాట.

రాజు ఎఫ్1కు జరిగాడు. ఫిషర్ ఇరవై ఒకటో ఎత్తు: మంత్రిని డి8 నుంచి డి7కు జరిపాడు. ఒక్క గడి. చెక్ లేదు, చంపడం లేదు, చప్పుడు లేదు.

బైర్న్ ఆలోచించారు. ఆపైన ఓటమి ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ గదినుంచి పక్కగదికి వెళదాం. అక్కడ ప్రేక్షకులకోసం గోడమీద పెద్ద బల్ల పెట్టి, ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు ఆటను వివరిస్తున్నారు. బైర్న్‌కు ఒక పావు ఎక్కువ, ఫిషర్‌కు దానికి బదులు మిగిలింది ఒక్క బంటే. బైర్న్ గెలుస్తున్నారని వాళ్ళు చెబుతూ ఉండగానే, ఆయన ఓడిపోయినట్టు కబురు వచ్చింది. ఈ సంగతి కూడా మనకు తెలిసింది బైర్న్ రాసినదాన్నిబట్టే. ఓడినవారు గెలిచినవాడి గొప్పతనాన్ని తామే రాసి లోకానికి చెప్పడం అన్ని రంగాల్లోనూ కనిపించదు. నాకు ఈ కథలో ఫిషర్ ఎంత ఇష్టమో, ఈ పెద్దమనిషి కూడా అంతే ఇష్టం. ఆయన 1964లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, 1972లో అమెరికా విజేత అయ్యారు, న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఏళ్ళతరబడి చదరంగం శీర్షిక నడిపారు. 2013లో మరణించారు.

ఫిషర్ తరువాతి కథ మీలో కొందరు వినే ఉంటారు. 1972లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో బోరిస్ స్పాస్కీని ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. 1975లో ఆడడానికి నిరాకరించి ఆ పదవిని పోగొట్టుకున్నాడు. ఆ తరువాతి సంవత్సరాల్లో అతను అన్న మాటలు చాలామందిని నొప్పించాయి, అవి ఈ తరగతిలో చెప్పదగినవి కావు. 2008లో ఆ రేక్యవిక్‌లోనే కన్నుమూశాడు. అతని ఆట వేరు, అతని మాటలు వేరు. ఆట నేర్చుకోవచ్చు.

సరే, అసలు ప్రశ్న మిగిలే ఉన్నది. బైర్న్ ఏం చూశారు?

బల్లమీద ఇప్పుడున్న స్థితి ఒకసారి చదువుతాను, మీ నోటుపుస్తకాల్లో రాసుకోండి. తెల్లపావులు: రాజు ఎఫ్1, మంత్రి డి2, ఏనుగులు ఎ1, డి1, శకటం ఎ3, గుర్రాలు సి3, డి4, బంట్లు ఎ2, బి3, జి3, హెచ్2. నల్లపావులు: రాజు జి8, మంత్రి డి7, ఏనుగులు ఎ8, ఇ8, శకటాలు బి7, జి7, బంట్లు ఎ7, బి6, ఎఫ్7, జి6, హెచ్7.

నల్లమంత్రి హెచ్3కు వచ్చి చెక్ చెప్పబోతున్నది. తెల్లవారు డి4 గుర్రాన్ని బి5కు జరిపి, నల్లమంత్రిని బెదిరిస్తే? మంత్రి హెచ్3కు వచ్చి చెక్ చెబుతుంది, రాజు జి1కు పోతాడు. అప్పుడు జి7లోని నల్ల శకటం హెచ్6కు జరిగి తెల్లమంత్రిని బెదిరిస్తుంది. ఆ మంత్రి జి2 గడిని కాపాడుతున్నది. అది తప్పుకుంటే జి2లో ఆటకట్టు. తప్పుకోకపోతే మంత్రే పోతుంది.

ఇంకొక దారి ఉన్నది. తెల్లమంత్రిని ముందే ఎఫ్2కు తెచ్చి, రాజు పక్కన కాపలా పెడితే? ఇది అన్నిటికంటె మంచి రక్షణగా కనిపిస్తుంది. నల్లమంత్రి హెచ్3లో చెక్. రాజు జి1. అప్పుడు ఫిషర్ ఏనుగు ఇ8 నుంచి ఆ నిలువు వరుస వెంట దూసుకువచ్చి ఇ1లో దిగి చెక్ చెబుతుంది! దాన్ని కాపాడేవారు లేరు. డి1లోని తెల్ల ఏనుగు దాన్ని చంపితే, ఆ ఏనుగు తన వరుస వదిలిపెట్టినట్టే. అంతదాకా డి4 గుర్రానికి వెనుక నిలబడింది అదే గదా. ఇప్పుడు జి7 శకటం వచ్చి ఆ గుర్రాన్ని చంపుతుంది. చూడండి, ఆ శకటానికీ, తెల్లమంత్రికీ, తెల్లరాజుకూ మధ్య ఒకే ఐమూల గీత. మంత్రి కదిలి జి2ను కాపాడుదామంటే వెనుకనున్న రాజుకు చెక్ పడుతుంది. శకటాన్ని చంపితే జి2 కాపలా పోతుంది. రాజు పక్కగడిలోనే మంత్రి ఉన్నా, అది చేయగలిగింది ఏమీ లేదు. ఒకటి రెండు ఎత్తుల్లో నల్లమంత్రి జి2లో అడుగు పెడుతుంది. ఆటకట్టు.

దూరాన ఎ1 మూలలోని ఏనుగు ఆట మొదలైనప్పటినుంచీ ఒక్క గడి కూడా కదలలేదు. పద్నాలుగో ఎత్తుకు కదలవలసింది అదే.

ఇదంతా బైర్న్ తమ కుర్చీలో కూర్చుని చూశారు. పక్కగదిలోనివారికి కనిపించలేదు. వాళ్ళు బల్లమీద ఉన్న పావులను లెక్కపెడుతున్నారు. ఆయన ఇంకా బల్లమీదికి రాని ఎత్తులను చూశారు. కిందటి సంవత్సరం టీ గ్లాసు పట్టుకుని నిలబడి నేను చేసిందీ ఆ పక్కగది పనే.

ఒక విచిత్రం చెబుతాను. ఈ ఒప్పుకోలువల్ల బాధపడ్డవాడు ఫిషరే. తన ఆటల్లో అరవై ఏరి 1969లో వెలువరించిన పుస్తకంలో ఈ ఆట కూడా ఉన్నది. బైర్న్ ఇక్కడే ఆపేయడం తనకు ఎంతో ఆశాభంగమైందని రాశాడు. మంత్రి ఎఫ్2కు వస్తుందనీ, ఇ1లో తన ఏనుగును బలి ఇద్దామనీ ఎదురుచూస్తున్నాడట. ఆటలోకెల్లా అందమైన ఎత్తు ఎవరూ వేయకుండానే మిగిలిపోయింది. ఆడవలసినవారు, చూడవలసినవారు ఇద్దరూ దాన్ని మనసులోనే ఆడి లేచిపోయారు.

మీలో కొందరు గుసగుసలాడుతున్నారు. ఇదంతా అరవై ఏళ్ళనాటి మాట, మనవాళ్ళెవరూ లేరా అనే గదా? ఉన్నారు. కృష్ణాజిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2024 డిసెంబరులో ఈ న్యూయార్క్ నగరంలోనే ప్రపంచ మహిళల రాపిడ్ పోటీ జరిగింది. రాపిడ్ అంటే ఒక్కొక్క ఆటకు కొద్ది నిమిషాలే ఇచ్చే వేగపు ఆట. పదకొండు ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లతో ఆమె మొదటి స్థానంలో నిలిచింది. చివరి ఆట ఆమె గెలిచింది నల్లపావులతోనే. 2019లో మాస్కోలో గెలిచిన తరువాత ఆ పదవి ఆమెకు అది రెండోసారి. గుంటూరునుంచి హరికృష్ణ, హారిక, వరంగల్లునుంచి అర్జున్ ఎరిగైసి ఉన్నారు. వాళ్ళ ఆటలు మరొక రోజు చెప్పుకుందాం. గంట కొట్టేవేళ అయింది, ఇప్పుడు ఆ ఎత్తు ఒక్కటి బల్లమీద వేయవలసి ఉన్నది.

కిందటి సంవత్సరం నాలుగు బొమ్మలు గీసి తెచ్చిన అమ్మాయి మూడో వరుసలో కూర్చుని ఉన్నది. అమ్మా, ఆవేళ పదిమందిలో అన్నాను, ఇవాళ పదిమందిలోనే చెబుతున్నాను, తప్పు నాది. ఇటు వచ్చి కూర్చో. నల్లపావులు నీవి. తెల్లపావులు నేను పట్టుకుంటాను. పిల్లలూ, వెనుకవాళ్ళకు కనిపించేలా కాస్త జరగండి. ఎత్తు నాదే గదా. ఇదిగో, మంత్రిని ఎఫ్2లో పెడుతున్నాను.